పాల లెక్క పక్కన మా మరిది రాసిన మాటలు

సోమవారం. పొద్దున పాలు మూడు ప్యాకెట్లు కాచాను. రెండు టిఫిన్ డబ్బాలు కట్టాను. ఒక బకెట్ బట్టలు ఉతికి డాబా మీద ఆరేశాను. కారం పట్టించడానికి మిరపకాయల తొడిమలు తీశాను. గ్యాస్ బుక్ చేశాను. సాయంత్రం నాలుగింటికి మా ఆయనకు ఫోన్ వచ్చింది. నాచారంలో మా మరిది పనిచేసే యూనిట్‌లో, మిషన్ దగ్గర నిలబడ్డచోటే అతను కూలిపోయాడట. దవాఖానాకు చేర్చేసరికే ప్రాణం పోయింది. నలభై ఒక్క ఏళ్లు. ఆ రోజు చేసిన పనులన్నీ ఇంత వివరంగా గుర్తుండటం నాకే నచ్చడం లేదు.

ఉప్పల్‌లో మాది రెండంతస్తుల పాత ఇల్లు. కింద మేము, పైన మరిది, తోటికోడలు, వాళ్ల ఏడేళ్ల పాప. వంట మాత్రం అందరికీ కింద నా వంటింట్లోనే. నెల మొదట్లో మరిది తన వంతు ఖర్చు నా చేతిలో పెట్టేవాడు. మిగతాదంతా చూసుకోవడం నా పని. ఫ్రిజ్ పక్కన వేలాడే కేలండరే నా పద్దుపుస్తకం. పాలు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నామో, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో, ఇస్త్రీకి ఎన్ని జతలు వేశామో, ఏ తేదీ గడిలో చూసినా తెలుస్తుంది.

పాపకు ఏడాది నిండినప్పటి నుంచి మరిది ఆ గడుల్లో రాయడం మొదలుపెట్టాడు. అతనిది రెండో షిఫ్టు. తోటికోడలు మందుల యూనిట్‌లో ల్యాబ్ పని చేస్తుంది, తెల్లారగానే కంపెనీ బస్సెక్కుతుంది. అందుకని మధ్యాహ్నం దాకా పాపను అతనే చూసుకునేవాడు. డ్యూటీకి పోయే ముందు పాపను నాకు అప్పగించి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, కేలండర్ ముందు నిలబడి ఒకటో రెండో ముక్కలు రాసేవాడు. లేత్ మిషన్ మీద పనివాడు కదా, కొలతలు వేసినట్టు చిన్న చిన్న అక్షరాలు. తర్వాత బండి స్టార్ట్ చేయకుండా గల్లీ చివరిదాకా తోసుకుంటూ పోయేవాడు. చప్పుడు వింటే పాప ఏడుస్తుందని.

రాసినవాటిలో కొన్నే నాకు గుర్తున్నాయి. "చెప్పులు సొంతంగ ఏసుకుంది. కుడిది ఎడమకు." "మెట్రోకు టాటా చెప్పింది. మెట్రో చెప్పలేదని ఏడ్సింది." "పిల్లికి పెరుగన్నం పెట్టింది. పిల్లి తినలె. తనే తిన్నది." పాత కేలండర్లను నేను దాచలేదు. ఏడాది మారగానే కాగితాలు చింపి నూనె డబ్బాల కింద, పప్పు డబ్బాల కింద పరిచేదాన్ని. జిడ్డు పట్టాక పారేసేదాన్ని.

"ఎందుకయ్యా ఇవన్నీ?" అని ఒకసారి అడిగాను.

"పెద్ద పెద్దయి అందరు యాదుంచుకుంటరు వదినా, పుట్టినరోజు, బడిల ఏసిన రోజు. గీ సిన్న సిన్నయే కొట్టుకపోతయి" అన్నాడు.

ఒక నెల పాల లెక్క తేడా వచ్చింది. పాలాయన చెప్పినదాని కంటే నా కూడిక ఎక్కువ తేలింది. నేను లెక్క తప్పే మనిషిని కాదు, నా కూడిక ప్రకారమే ఇచ్చేశాను. తర్వాత చూస్తే, ఒక గడిలో మరిది "ముద్దులు 4" అని రాశాడు. ఆ నాలుగును ప్యాకెట్లలో కలిపేశాను. మరిది పడీ పడీ నవ్వాడు.

"మా బిడ్డ ముద్దులకు గూడ పైసలు కట్టినవా వదినా? ఇంకా మస్తు రావాలె, అడ్వాన్స్ ఇయ్యకు!"

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకుంటే బాగుండేది.

కానీ అప్పటికే నా మనసులో ఇంకొకటి నలుగుతోంది. తోటికోడలు సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూనే, పైకి పోకుండా, భుజాన బ్యాగుతోనే నా వంటింట్లోకి వచ్చేది. గ్లాసుతో నీళ్లు ముంచుకుని కేలండర్ ముందు నిలబడేది. గడుల మీద వేలు పెట్టి చూసేది. నన్ను చూడగానే గ్లాసు పెట్టేసి వెళ్లిపోయేది. సగం ఖర్చు వాళ్లది కదా, నా లెక్కలు తనిఖీ చేస్తోందనుకున్నాను. పైసా అటూ ఇటూ కాకుండా నడిపే నన్ను! అడిగితే చిన్నతనం. అడగకుండా నెలల తరబడి మోశాను. పాల పొరపాటు సాకుగా దొరికింది.

మర్నాడు మరిది పెన్ను తీయగానే అన్నాను: "ఏందయ్యా, ఇది కేలండరా, మీ బిడ్డ జాతకమా? నా లెక్కలన్నీ ఆగమైతున్నయి. రేపటి సంది దీని మీద పెన్ను పెట్టకు."

"సరే వదినా. ఫోన్ల ఫోటోలు తీస్తలే" అని పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. పాపకప్పుడు నాలుగేళ్లు. మళ్లీ ఆ గడుల్లో ఒక్క అక్షరం రాయలేదు.

ఫోటోలు మాత్రం తెగ తీసేవాడు. ఒకరోజు నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఫోన్ చూపించాడు. "గీడ నోరు తెరిచింది సూడు వదినా. ఏమో అన్నది, మస్తు నవ్వినం ఇద్దరం. ఏమన్నదో యాదికొస్తలేదు." నేను తల ఊపి ఈనెలు తీసుకుంటూ ఉండిపోయాను. ఆ రోజైనా "రాసుకోవయ్యా" అని ఉండాల్సింది.

కర్మకాండలన్నీ అయ్యాక, ఒక మధ్యాహ్నం తోటికోడలు, పాప నా దగ్గర కూర్చుని అతని ఫోన్లో ఫోటోలు చూస్తున్నారు. వేలల్లో ఉన్నాయి.

"అమ్మా, గీ ఫోటోల నేను ఏమంటున్న?" అని పాప అడిగింది.

"ఏమో బిడ్డా. మీ నాన్న మొదట్ల రాసేటోడు. తర్వాత యాష్టకొచ్చింది, ఇసుగు పుట్టింది." నా వైపు తిరిగింది. "నీకు తెల్సా అక్కా, గా కేలండర్ మీద రాసేటోడు. నేను పొద్దుగాల పోతి, ఆయన రాత్రి వచ్చేసరికి నిద్రపోతి. బిడ్డ దినమంతా ఏం చేసిందో నాకెట్ల తెలుస్తది? నీళ్లు తాగెతందుకని నీ వంటింట్లకొచ్చి సదువుకునేదాన్ని. మొగని రాత సదువుతున్ననని నువ్వు నవ్వుతవేమోనని సిగ్గు. ఒకరోజు ఆపేసిండు. ఎందుకంటే, తీరుతలేదన్నడు. బిడ్డ మీద మోజు తీరిందా అని మొఖం మీదనే అన్న అక్కా. ఒక్కసారి గాదు, శానసార్లన్న. మారు మాట్లాడలె."

వదిన వద్దందని అతను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే కింద ఇంటికీ పై ఇంటికీ మధ్య గొడవ. అందుకని మూడేళ్లు ఆ మాట తనే పడ్డాడు. ప్రతి నెలా నా ముందు నవ్వుతూ నిలబడి తన వంతు ఇచ్చాడు.

వెంటనే చెప్పలేకపోయాను. ఎనిమిది రోజులు పట్టింది. ఇవాళ ఆదివారం సాయంత్రం ఇద్దరం గోంగూర తెంపుతుంటే చెప్పాను.

"ఆయనకు యాష్టకు రాలేదు. నేనే వద్దన్న."

"పాల లెక్క కోసమా?"

"పాల లెక్క సాకు. నువ్వు నా లెక్కలు సూస్తున్నవనుకున్న."

ఆమె చేతిలోని కట్ట ఒళ్లో పడింది. "నీ లెక్కలా? పాల ప్యాకెట్ ఎంతనో గూడ నాకు తెల్వదు అక్కా!" అంది. తిడితే బాగుండేది. లేచి, కొంగు దులుపుకుని పైకి వెళ్లిపోయింది.

కాసేపటికి పాప దిగి వచ్చింది.

"పెద్దమ్మా, అమ్మ నాన్న ఫోటోతోని లొల్లి పెట్టుకుంటున్నది."

"ఏమంటున్నది?"

"గిన్ని మాటలంటుంటే గమ్మునుంటివేందయ్యా అంటున్నది. ఏడుస్తున్నది. మల్ల నవ్వుతున్నది."

అతను పోయిన నాటి నుంచి ఆమె గొంతెత్తి ఏడవడం నేను వినలేదు. ఇప్పుడు కింది దాకా వినపడుతోంది. మరిది తన పేరు మీద మోసిన తప్పును నా పేరుకు మార్చుకున్నాను. అతనికి నేను పడ్డ బాకీల్లో ఇదొక్కటి చెల్లు.

పాప ఒక గోంగూర కాడ తీసుకుని మెట్లు సగం దాకా ఎక్కింది. అక్కడే కూర్చుని, పులుపుకు ఒక కన్ను మూసి, చెవి పైకి పెట్టి వింటోంది.