పిడికెడు మిరియాలు

బియ్యం డబ్బా మూత తియ్యగానే ముందు పురుగు పట్టకుండా వేసిన ఎండు వేపాకు వాసన వస్తుంది, దాని వెనకే మెల్లగా పాత బియ్యం వాసన. గుడివాడలో మా వంటింట్లో పొద్దున్నే ఆ రెండూ కలిసి ముక్కుకి తగిలేసరికి నేను బందరు వెళ్ళిపోతాను, పద్నాలుగేళ్ళ పిల్లనైపోతాను. నాది కోర్టులో టైపిస్టు ఉద్యోగం. రోజూ ఏదో ఒక దొంగతనం కేసు నా వేళ్ళ కింద నుంచి వెళ్తుంది. ముద్దాయి ఎలా పట్టుబడ్డాడో టైపు చేస్తున్నప్పుడు, పైకి అనను గానీ, "ఇంత తొందరెందుకయ్యా నీకు" అని లోపల విసుక్కుంటాను. అలా విసుక్కునే అర్హత నాకు బాగా ఉంది. ఒక వేసవిలో నేను దొంగల సంఘానికి పెద్దని.

మా ఇల్లు చర్చి వెనక వీధిలో ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు గాలి ఆడక చొక్కాలు వీపుకి అంటుకునేవి, సాయంత్రానికి సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వీచి ప్రాణం లేచొచ్చేది. వీధి చివర తాటాకులో పెట్టి ముంజలు అమ్మేవాళ్ళు, ప్రతి ఇంటి అరుగు మీదా మాగాయ ముక్కలు ఎండుతుండేవి, చింతచిగురులో ఎండురొయ్యలు వేసి అమ్మ తాలింపు పెడితే నాలుగిళ్ళ అవతలి వాళ్ళు కూడా ఇవాళ మా ఇంట్లో కూరేమిటో చెప్పేసేవాళ్ళు. ఆ ఇంటికి పెద్ద మా మామ్మ, నాన్నకి అమ్మ, మార్తమ్మ. ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని బందరు వచ్చిన మనిషి. ఆవిడ పూటపూటా తప్పకుండా చేసే పని ఒకటుండేది. వంటకి కొలిచిన బియ్యంలోంచి, కడగబోయే ముందు, ఒక పిడికెడు తీసి పక్కనున్న పాలపొడి డబ్బాలో వేసేది. అది దేవుని బియ్యం. నెలాఖరు ఆదివారం ఆడవాళ్ళందరూ తమ తమ డబ్బాలు చర్చికి తెచ్చి ఒక గోనెలో పోసేవాళ్ళు, లేనివాళ్ళ ఇళ్ళకి అది వెళ్ళేది. పూటకో పిడికెడు తీసినా మా ఇంట్లో ఎవరికీ ఒక్క ముద్ద తక్కువైన రోజు లేదు.

ఆ వేసవి సెలవుల్లో మామ్మ నన్ను టైపు నేర్చుకోమని సత్యం మావయ్య దగ్గర చేర్పించింది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, వీధిలో పిల్లలందరికీ మావయ్యే. కోనేరు సెంటర్ పక్క సందులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, నూనె వాసనా రిబ్బను మసీ కలిసిన ఇరుకు గది, డజను పాత మిషన్లు, మూల బల్ల మీద మాత్రం కవరు కప్పిన కొత్త కంప్యూటరు. దానికి ఫోను తీగ తగిలించి ఇంటర్నెట్టు పెట్టాడాయన. ఒక్క తప్పు లేకుండా పేజీ కొట్టినవాళ్ళకి బహుమానంగా అరగంట ఆ కంప్యూటరు ముందు కూర్చోనిచ్చేవాడు. ఆ అరగంట కోసం నేను వేళ్ళు నొప్పెట్టేదాకా కొట్టేదాన్ని.

అక్కడే నాకు ఆ ఆట దొరికింది. మా కంటే ముందు బ్యాచ్‌లో ఇంజనీరింగ్ చదివే అన్నయ్య ఒకడు దాని పేరు బల్ల మీద పెన్సిలుతో రాసిపోయాడు. బొమ్మ ఒక్కటి లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. "నువ్వు రాతి వంతెన మీద ఉన్నావు, ఉత్తరాన ఊరి ద్వారం" అని ఇంగ్లీషులో వస్తే, ఎటు వెళ్ళాలో మనం టైపు చెయ్యాలి. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో అదే ఊళ్ళో అదే సమయానికి తిరుగుతూ ఉండేవాళ్ళు. వీరుడివా, మంత్రగాడివా, దొంగవా అని ముందే అడిగితే నేను దొంగ అని కొట్టాను. ఇంట్లో చిన్నపిల్లని, దాగుడుమూతల్లో ఎప్పుడూ దొరకనిదాన్ని, నాకు అదే నప్పుతుందనిపించింది. పేరు అడిగితే తోచక మామ్మ పేరు పెట్టేశాను.

మార్తమ్మ మొదట్లో పనికిమాలిన దొంగ. దాక్కోబోతే గిన్నెలు తన్నుకుని పడేది, రొట్టెల కొట్లో చెయ్యి పెడితే కొట్టువాడు కర్ర తీసుకునేవాడు, ఒకసారి మురుగు కాలవలో ఎలకల చేతిలో చచ్చి మళ్ళీ వంతెన మీద పుట్టింది. ఆ ఆటలో ఏ విద్యైనా చెయ్యగా చెయ్యగా వచ్చేదే. అందుకని నేను దాక్కో, నడువు, దాక్కో, నడువు అని అదే పనిగా కొట్టేదాన్ని. నా వేళ్ళు పరుగెత్తడం చూసి సత్యం మావయ్య అదంతా టైపు ప్రాక్టీసే అనుకుని, మా ఇంటి ముందు సైకిలు ఆపి మరీ మామ్మతో "మీ మనవరాలు మిషన్ కంటే స్పీడండీ" అని పొగిడేవాడు. నెల తిరిగేసరికి మార్తమ్మ కాపలావాడి పక్కనుంచి నడిచినా వాడికి తెలిసేది కాదు. తాళాలు తీసేది, జేబులు కొట్టేది, నిద్రపోతున్న ఇంటిల్లిపాదినీ పట్టుబడకుండా దాటిపోయేది. ఇక మిగిలింది ఆటలోని దొంగల సంఘానికి పెద్ద కావడానికి పెట్టే పరీక్ష.

కరువులో కూడా ఊరికి గింజ విదల్చని వర్తకుడొకడు ఆ ఊళ్ళో ఉన్నాడు. వాడి గిడ్డంగిలో ఒక పెట్టె నిండా మిరియాలు. ఒక మూటెడు మిరియాలు తెచ్చి అప్పటి పెద్ద ముందు పెట్టినవాళ్ళే ఇక సంఘానికి పెద్ద. చిక్కేమిటంటే, కాపలావాడు కాసేపటికోసారి వచ్చి పెట్టె మూత తీసి చూసేవాడు. "పెట్టె నిండుగా ఉంది" అని తెర మీద పడితే సరే, "తగ్గినట్టుంది" అని పడిందా, గంట కొట్టేవాడు, తలుపులు మూసుకునేవి, తీసుకున్నదంతా పోయి దొంగ జైల్లో తేలేది. క్రో అని పేరు పెట్టుకున్న ఒకడు, ఏ దేశంవాడో తెలీదు, నాకంటే చాలా పెద్ద దొంగ, ఎన్నిసార్లు దొరికిపోయాడో వాడికే గుర్తులేదు. నేనూ రెండుసార్లు దొరికాను. అందరం మూట నింపుకుని పారిపోదామని చూసేవాళ్ళమే.

మూడోసారికి ఉపాయం మా వంటింట్లో దొరికింది. గడప మీద కూర్చుని తాటి ముంజె చీకుతూ మామ్మ బియ్యం కొలవడం చూస్తున్నాను. ఆవిడ పిడికెడు తీసింది. గిన్నెలో బియ్యం తీసినట్టే లేదు. నేను ముంజె అక్కడే వదిలేసి లేచాను. ఆ మధ్యాహ్నం గిడ్డంగిలో "అన్నీ" అని కొట్టకుండా "పిడికెడు" అని కొట్టి చీకట్లో నక్కాను. కాపలావాడు వచ్చాడు, మూత తీశాడు. పెట్టె నిండుగా ఉంది. నాకు కుర్చీ మీద నిలబడి కేకెయ్యాలనిపించింది.

ఆటలో తెల్లవారినప్పుడల్లా వర్తకుడు పెట్టె నింపించేవాడు. నాకున్నది రోజుకి అరగంట, అందులో ఒక్క పిడికెడు. సెలవులైపోయేలోపు మూట నిండాలి, బడి తెరిస్తే టైపు ఉండదు, టైపు లేకపోతే మార్తమ్మ లేదు. మర్చిపోకుండా ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేదాన్ని. "ఈరోజు పిడికెడు తీశాను. ఎవరూ చూడలేదు. రేపు మళ్ళీ."

ఇంకొక్క పిడికెడు మిగిలుండగా ఆ పుస్తకం మామ్మ చేతిలో పడింది. మా ఇంట్లో పిడికెడు అంటే ఒకటే అర్థం. సాయంత్రం ఇంటి ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుని ఉండగా ఆవిడ, "ప్రభువా, ఈ ఇంట్లో నీ బియ్యంలో చెయ్యి పెట్టిన బిడ్డని క్షమించు తండ్రీ" అంది. నేను గభాలున కళ్ళు తెరిచాను. అమ్మ అప్పటికే తెరిచి నావైపు చూస్తోంది.

మర్నాటి నుంచి టైపు బందు. నేను ఏడ్చాను, చెప్పాను, మళ్ళీ ఏడ్చాను. దేవుని బియ్యం ముట్టుకోలేదని మామ్మ నమ్మకపోవడం ఆట పోవడం కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "దొంగాట ఆడటానికి కోనేరు సెంటర్ దాకా ఎందుకే?" అన్నాడు. సెలవుల్లో ఆఖరి రోజు మామ్మ తెల్లచీర మార్చుకుని, కళ్ళజోడు పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పద. నా కళ్ళతో చూస్తా. అబద్ధమైతే మాత్రం ఊరుకునేది లేదు."

సత్యం మావయ్య కంగారుగా కుర్చీ దులిపి వేశాడు. అసలు సంగతి విని, "నెలన్నర నుంచీ నా కంప్యూటర్లో దొంగతనాలా!" అని నెత్తి పట్టుకున్నాడు గానీ, మామ్మ మొహం చూసి గొడవ చెయ్యలేదు. నేను తెర మీద పడ్డ ప్రతి ముక్కా తెలుగులో చదివి చెప్పాను. మామ్మ ముందుకి వంగి కూర్చుంది.

"ఆ షావుకారు కరువులో గింజ పెట్టలేదన్నావా?"

"పెట్టలేదు మామ్మా."

"తప్పు తప్పే," అని కళ్ళజోడు పెట్టుకుని, "సరే, కానివ్వు," అంది.

గిడ్డంగిలోకి వెళ్ళాక తెర మీద కొత్త సంగతి పడింది. వర్తకుడు రేవుకి వెళ్ళాడంట, ఆ రోజు పెట్టె నింపలేదంట. అయినా ఇదే ఆఖరి రోజు కదా అని పిడికెడు కొట్టబోయాను. మామ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగవే. నింపలేదన్నావు గదా! బియ్యం తక్కువున్న రోజు నేను పిడికెడు తీస్తానా? మూడు వేళ్ళతో తీస్తా. మళ్ళీ మాపటికి మూడు వేళ్ళు. అట్టా తియ్యి."

చిటికెడు అని కొట్టి నక్కాను. కాపలావాడొచ్చి చూశాడు. నిండుగా ఉంది. మూడు చిటికెలైతే ఒక పిడికెడు, అరగంటలో ఇంకా రెండు పట్టాలి. ఇంతలో మావయ్య పైకి పరుగెత్తాడు. మేడ మీద ఎవరైనా ఫోనెత్తితే లైను తెగిపోతుంది. "ఎవరూ ముట్టుకోకండి, ఇక్కడ దొంగతనం జరుగుతోంది" అని ఆయన అరవడం మాకు కిందకి వినిపించింది. రెండో చిటికెడు. నిండుగా ఉంది. మూడోదానికి మామ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో సాయంత్రానికి కూడా ఎర్రగానే ఉంది. కాపలావాడు వచ్చాడు, మూత తీశాడు, చూశాడు, వెళ్ళిపోయాడు.

నేను మూట తీసుకెళ్ళి సంఘం పెద్ద ముందు పెట్టాను. ఆ క్షణాన ఆటలో ఉన్న అందరి తెరల మీదా, ఏ దేశంలో ఉన్నా సరే, ఒకే వరుస పడింది. మామ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఓటరు కార్డు మీద తన పేరు ఎలా ఉంటుందో బాగా తెలుసు.

"ఇదేంటే, నా పేరు?"

"దొంగలందరికీ ఇప్పుడు నువ్వే పెద్దవి మామ్మా," అన్నాను భయం భయంగా.

ఆవిడ తెర వైపు చూసింది, నా వైపు చూసింది, నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మేడ దిగొచ్చిన మావయ్య కూడా నవ్వాడు. ఇంతలో తెర మీద క్రో అడిగాడు, నీకిది ఎవరు నేర్పారు అని. మా మామ్మ అని కొట్టాను. అంత గొప్పగా నేను ఈ జన్మలో ఏదీ టైపు చెయ్యలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆవిడ, "ప్రభువా, బిడ్డని అనుమానించినందుకు నన్ను క్షమించు. నా పేరు ఎక్కడెక్కడో పడిందంట, నువ్వు చూసే ఉంటావు, నవ్వుకో" అంది. నెలాఖరు ఆదివారం డబ్బా మోసే పని నాకిచ్చింది. చర్చి దాకా నేను ఊరేగింపుగానే నడిచాను.

ఇప్పుడు మామ్మ లేదు. మావయ్య ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ ఆట కోసం ఒకసారి వెతికాను, పేజీ తెరుచుకోలేదు, వంతెనా గిడ్డంగీ అన్నీ ఎక్కడికి పోయాయో. చర్చి గుమ్మం దగ్గర కానుకలకి స్కాన్ చేసే కాగితం అంటించారు, బియ్యం గోనె ఎవరూ పట్టుకురారు. మామ్మ పాలపొడి డబ్బా మాత్రం నా దగ్గరుంది. నెలాఖరుకి నిండగానే ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఇచ్చి వస్తాను.

మా ఇంట్లో బియ్యం పెత్తనం మా ఆయనది. పామర్రు మిల్లు నుంచి బస్తా ఆయనే తెస్తారు, డబ్బా ఆయనే నింపుతారు, రోజూ ఆయనే మూత తీసి చూస్తారు. ఇవాళ పొద్దున కూడా నేను నా పిడికెడు తీసి పక్కకి జరిగాక వచ్చి చూసి, "నిండుగానే ఉందే" అనుకుంటూ వెళ్ళిపోయారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా గంట కొట్టలేదు.