పువ్వులివ్వనన్న పక్కింటి నానీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేల ఆరి ఉన్న పూట తక్కువ. ఎనభైలలో గోదావరిఖని క్వార్టర్లలో కాపురమున్న వాళ్ళెవరినడిగినా ఈ మాటే చెబుతారు. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి నల్లబడేది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని నీళ్ళ మీద, చివరికి దేవుడి పటం అంచు మీద కూడా సన్నని బొగ్గు పొడి ఉండేది. దానికి ఓడిపోవడం మా అమ్మకు ఇష్టం లేదు. పొద్దున ఒకసారి, బొగ్గు గనిలో పనిచేసే బాపు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక మళ్ళీ ఒకసారి, బకెట్లకు బకెట్లు నీళ్ళు పోసి అరుగు నుంచి స్నానాల గది దాకా కడిగేది. మా వాడకట్టులో అమ్మ శుభ్రానికి మంచి పేరు.

మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో పేడతో అలికిన నేల మీద నడిచిన మనిషి. అలికిన నేల పాదాన్ని పట్టుకుంటుంది. సిమెంటు గచ్చు అలా పట్టుకోదు. మా దగ్గరికి వచ్చిన ఏడాదే, అమ్మ అప్పుడే కడిగిన అరుగు మీద కాలు జారి పడింది. దవాఖానలో చూసి, ఎముక విరగలేదు, వాపు తగ్గాక మెల్లగా నడిపించండి, మళ్ళీ పడకుండా జాగ్రత్త అని చెప్పారు. మేము ఆ మాటల్లో చివరిదాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాం.

ముందు గదిలో అవ్వకు నులక మంచం వేశాం. నేను బడికి పోలేదు, బాపు దగ్గరే పలక మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను కాబట్టి అవ్వకు చెంబు, పళ్ళెం, దువ్వెన, దుప్పటి అందించే పని నాకొచ్చింది. ఆమె కాలు కింద పెట్టబోతే చాలు, వంటింట్లోంచి అమ్మ కేక వినిపించేది. "అత్తా, కూసో! మల్ల పడ్తవ్!" తను కడిగిన నేల మీదే అత్త పడిందన్న బాధ అమ్మను లోపల తొలుస్తూ ఉండేది. కాలు కదపనివ్వకుండా చూసుకోవడమే ఆమె ప్రేమ అయింది.

వాపు తగ్గింది. దాంతో పాటు కాళ్ళూ సన్నబడ్డాయి. ఒకప్పుడు నెత్తి మీద గడ్డిమోపుతో పొలం నుంచి నడిచొచ్చిన అవ్వకు, ఇప్పుడు నిలబడితే మోకాళ్ళు వణికేవి. వణికితే భయం వేసేది, భయం వేస్తే మళ్ళీ కూర్చునేది. శ్రీరాంపూర్‌లో ఉండే మా పెద్దమ్మ వాళ్ళ అత్తగారు ఇలాగే మంచం ఎక్కి, ఇక దిగలేదు. అవ్వకు ఆ సంగతి బాగా తెలుసు. గోడకున్న వేములవాడ రాజన్న పటం వైపు చేతులెత్తి, "నన్ను గట్ల మంచంల పండవెట్టకు తండ్రీ, నా కాళ్ళు నాకియ్యి" అని మొక్కేది. పటం మంచానికి అంత దూరమేమీ కాదు. అయినా దానికి పువ్వు పెట్టేది నేనే.

ఆ పువ్వులు పక్కింటి నానీ ఇంటివి. నానీ వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు, మాతో తెలుగు. నానీ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆమె కొడుకు మోటార్లు బాగుచేసే మెకానిక్. నానీ, అవ్వ ఇంచుమించు ఒక ఈడు వాళ్ళు. వాళ్ళ గేటు పక్కన గుబురుగా నందివర్ధనం చెట్టు ఉండేది. ఆమె దాన్ని చాందినీ అనేది. తెల్లటి రెక్కల మీద పడ్డ బొగ్గు పొడిని నోటితో ఊది, నీళ్ళలో ఒకసారి ముంచి నా గిన్నెలో వేసేది. మా దేవుడి పువ్వులు ఆ చేతుల మీదుగా రావడం మాకెవరికీ వింతగా తోచలేదు.

అలాంటి నానీ ఒక పొద్దున నన్ను గేటు దగ్గరే ఆపేసింది. "పువ్వుల్లేవు బిడ్డా, పో." నేను తలెత్తి చూశాను. చెట్టు నిండా పువ్వులే. నా చూపు ఆమె కూడా చూసింది. "ఉన్నయ్ గని నీకియ్య. కావాల్నంటె మీ అవ్వను రమ్మను." గిన్నె పట్టుకుని ఏడుస్తూ ఇంటికొచ్చాను. మర్నాడు కూడా అదే జవాబు. అమ్మకు ఒళ్ళు మండింది. "ఆమె చెట్టుకు బంగారం గాస్తున్నదా? నడవరాని మనిషిని రమ్మంటదా? రేపటి సంది ఆ గేటు తొక్కకు, బజార్ల కొనుక్కుందం."

 ఆ తెల్లారి అవ్వ మంచం మీద కూర్చుని, వాడిన పాత పువ్వు తప్ప ఏమీ లేని రాజన్న పటాన్ని చాలాసేపు చూసింది. ఆమె మెడ మీద నరాలు ఉబ్బడం నాకు గుర్తుంది. "నా దేవునికి పువ్వు లేదంటదా? ఏదీ, నా మొఖం మీద అనుమను!" అని మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పుడే నైట్ షిఫ్టు నుంచి వచ్చి గడపలో బూట్లు విప్పుతున్న బాపు ఆమెను చేయి అడ్డం పెట్టి ఆపాడు. "ఆగవే. గనిల నెత్తిమీది బొగ్గుపెల్ల కదిలినట్టు అనిపిస్తె మేం ఏం చేస్తం? కర్రతోని తట్టి చూస్తం, సపోర్టు పెడ్తం, లోపలికి పోతం. గని మూసుకొని ఇంట్ల కూసుంటమా? పోనీ అవ్వను. నేను పక్కన్నే ఉన్న గద."

అవ్వ గోడ పట్టుకుని అరుగు దాకా వచ్చింది. బాపు భుజం ఆనుకుని మెట్లు దిగింది. మెట్ల కింద కుళాయి నీళ్ళు పారి ఎప్పుడూ పాచి పట్టి ఉండే చోట అందరం ఆగిపోయాం. ఆ పాచిని ఎవరో గీకేసి, బొగ్గు పొయ్యి బూడిద దట్టంగా పరిచారు. ఆ పక్కనే, రెండు ఇళ్ళకూ మధ్యన, నానీ వాళ్ళ ఇనుప కుర్చీ వేసి ఉంది. అవ్వ బూడిదను చూసింది, కుర్చీని చూసింది. అందులో కూర్చుని కాసేపు ఆయాసం తీర్చుకుంది. ఆ వేళకు ఆమె కోపం సగం దిగిపోయిందని ఇప్పుడనుకుంటాను. అయినా అది పోనివ్వకుండా పట్టుకుని మళ్ళీ లేచింది.

నానీ గేటు తీసి నిలబడింది. "రా అక్కా, మెల్లగ రా. రైలేం పోతలేదు."

"నీకు దయ ఉన్నదా? ముసలిదాన్ని గింత దూరం గుంజుకొస్తవా?"

"నువ్వు ముసలిదానివైతె నేనేంది, నిన్న నిఖా అయిన పోరినా?"

బాపు ఫక్కున నవ్వాడు. అవ్వ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సరే, ఇయ్యి పువ్వులు" అని చెయ్యి చాపింది. నానీ ఇవ్వలేదు. "నీ దేవునికి నువ్వే తెంపుకో" అంది. అవ్వ ఒక చేత్తో గేటు పట్టుకుని, రెండో చేతిని కొమ్మ మీదికి చాపింది. మడమలు కొద్దిగా లేచాయి.  నానీ ఆమెను ముట్టుకోలేదు. కానీ రెండు చేతులూ చాపి, ఊపిరి బిగబట్టి, ఆమె నడుము వెనకే నిలబడింది. మొదటి పువ్వు అవ్వ చేతిలోకి వచ్చాక గానీ ఆ చేతులు కిందికి దిగలేదు.

తర్వాత చాయ్ తాగుతూ నానీ అసలు సంగతి చెప్పింది. "కిటికీలకెల్లి చూసిన అక్కా. చెంబు చెయ్యందెంత దూరంల ఉన్నా పిల్లను పిలుస్తున్నవ్. నాకు ఫికరైంది. మంచిగ పిలిస్తె నువ్వు రావు, కోపానికన్న వస్తవనుకున్న." నా తల నిమిరి, నన్ను ఉత్త గిన్నెతో పంపిన పూట తనకు బువ్వ సయించలేదంది. మరి నీ మోకాళ్ళు ఎట్లా గట్టిగున్నాయని అవ్వ అడిగితే, "ఐదు పూటల నమాజుకు వంగుత, కూసుంట, లేస్త. చేసేది అల్లా కోసమే. మోకాళ్ళు గూడ దువా ఇస్తున్నయ్" అని నవ్వింది. అవ్వ తన మోకాళ్ళను మెల్లగా నిమురుకుంది. రాజన్న గుడి చుట్టూ తాను చేసిన ప్రదక్షిణలు గుర్తుకొచ్చాయేమో. ఏ పేరుతో కొలిచినా, దేవుడు తన భక్తిలో కాళ్ళకు కూడా ఇంత పని పెట్టాడు కదా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

ఆ రోజు నుంచి అవ్వ తన పువ్వులు తానే తెచ్చుకుంది. మొదట్లో బాపు భుజం మీద, తర్వాత కర్రతో, తర్వాత కర్ర ఉందన్న ధైర్యంతో.  అవ్వ మొదటిసారి వెళ్ళొచ్చిన మర్నాడే అమ్మ ఇల్లు కడగడం అయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని, పాత నూలు చీరతో నేలంతా ఆరదుడిచింది. స్నానాల గది ముందు గోనె సంచి పరిచింది. అవ్వ అరిగిన చెప్పులను పారేసి, వేళ్ళు పట్టుకునే కొత్తవి తెప్పించింది. బాపు స్నానాల గది గోడకు ఒక ఇనుప గొట్టం బిగించాడు. ఒకసారి సబ్బు నీళ్ళలో అవ్వ కాలు జారింది కూడా. గొట్టం పట్టుకుని నిలదొక్కుకుని, లోపలి నుంచే "ఏం గాలే, ఏం గాలే" అని కేకేసింది. చివరికి జ్వరంతో పోయింది గానీ, పోయే వారం వరకూ తన కాళ్ళ మీద తాను తిరిగింది. ఆ రోజు అందరికంటే పెద్దగా ఏడ్చింది నానీయే.

తర్వాత కొన్నాళ్ళకు నానీ కూడా పోయింది. ఇద్దరి ఆత్మలకూ శాంతి కలగాలని రోజూ దండం పెట్టుకుంటాను. ఇప్పుడు మా అమ్మ పెద్దదైపోయి నా దగ్గరే ఉంటుంది. పొద్దున ఆమె మంచం అంచు పట్టుకుని లేవబోతుంటే, వద్దనే మాట నా నాలుక చివరి దాకా వస్తుంది. దాన్ని మింగేసి నేనూ లేస్తాను. ఆమె చెయ్యి పట్టుకోను. చేయి అందేంత దగ్గరలో, ఆమె అడుగుకు నా అడుగు కలిపి, వీధి చివరి దాకా వెళ్ళి వస్తాను.