పెళ్లికొడుకు కింద బ్యాటరీ

మార్కాపురంలో ఏ పెళ్లికి వెళ్లినా బిర్యానీ వరుసలో నిలబడగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు. "సువార్త మేడమ్ ఆ పొద్దు కారు నడిపిందే, పెళ్లికూతురు ముసుగు అంటుకునిందంట! ఆ పిల్లను రోడ్డు మీదికి తోసేసిందంట! అది చూసి మేడమ్ వాళ్ల నాయనకు నోరు పడిపోయిందంట!"

మూడూ అబద్ధాలే. ముసుగు అంటుకోలేదు, పొగచూరింది. పెళ్లికూతుర్ని నేను తోసెయ్యలేదు, దిగకుండా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఇది ఇంకా ఘోరమని నాకూ తెలుసు, మీరేం గుర్తు చెయ్యక్కర్లేదు. ఇక మా నాయనకు నోరు పడిపోలేదు. ఆ నోటికి తాళం వేసింది నేను. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ తర్వాత తిట్టుకోండి. చేసినదానికి తిట్లు తినడానికి నాకు అభ్యంతరం లేదు, చెయ్యనిదానికైతే బిర్యానీ వదిలేసి మరీ వాదిస్తాను.

మా నాయన దావీదు మిషను ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడి ఇంగ్లండు డాక్టరుగారు తమ దేశం వెళ్లిపోతూ తన రెండు సీట్ల కారును నాయన చేతిలో పెట్టి వెళ్లారు. కప్పు గుడ్డది, మడిచి వెనక్కి పడేయొచ్చు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చుని చెయ్యి జారవిడిస్తే రోడ్డు మీద కంకర ఏరుకోవచ్చు. ఎదురొచ్చే మేక మన కళ్లలోకి సూటిగా చూస్తుంది.

మా పేటలో ఆ కారుకు ఒకటే ఉద్యోగం. చర్చిలో పెళ్లయ్యాక కొత్త కోడలు అందులోనే అత్తగారింటికి రావాలి. ఉన్నవి రెండే సీట్లు. ఒకదాంట్లో నాయన, పక్కన పెళ్లికూతురు. పెళ్లికొడుకు వెనకాల, మడిచిన గుడ్డ కప్పు మీద, చింతకొమ్మ మీద కోతిలా. మా వదినా అలా వచ్చిందే. ఆ కారెక్కకుండా మా పేటకు వచ్చిన కోడలు లేదు.

పదకొండేళ్ల కిందటి మాట. నాయన కళ్లకు శుక్లాలొచ్చి కారు మూలబడింది. అన్న ఏలియాకు పలకల కార్ఖానా ఉంది. పిల్లలు రాసుకునే పలకలే. ఆ రేకుల షెడ్డులో, ఎటు చూసినా నడుమెత్తు పలకల దొంతరల మధ్య, నాలుగు చక్రాలకూ అడ్డంగా పలకలు పెట్టించుకుని కారు నిద్రపోయేది. అన్న కొడుకు సుధీర్‌కు గిద్దలూరు సంబంధం ఖాయమైంది. అప్పుడు పేలింది బాంబు.

"ఒంగోల్లో ఒక హోటలాయన అడిగినాడు" అన్నాడు అన్న. "వాకిట్లో అద్దాల గదిలో పెట్టుకుంటాడంట. పెళ్లి కాంగానే లారీ ఎక్కిస్తా."

"నాయన కారును బొమ్మ చేస్తావా?"

"ఇప్పుడేం ఎగురుతాండాదా? కదలని బండి యాడుంటే ఏంది?"

"నేను కదిలిస్తా."

అన్న నవ్వాడు. వదిన నవ్వింది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు, వాడికి నేను అఆలు దిద్దించాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. విద్యుత్తు పాఠం బోర్డు వైపు చూడకుండా చెప్పగలను. అలాంటి మనిషిని చూసి నవ్వొచ్చా?

"పందెం!" అన్నాను. "సుధీర్ పెండ్లాం చర్చి కాడ కారెక్కి, మధ్యలో అడుగు కింద పెట్టకుండా మన గడప ముందర దిగిందంటే కారు ఈడనే ఉంటాది. లేదంటే నీ లారీకి నేనే దండేస్తా."

"సరే" అన్నాడు అన్న. నాయన అందరి ముఖాలూ చూశాడు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

మొదటి వారం పని సాగలేదు, కారణం నాయన. మంచం షెడ్డులో వేయించుకుని, నా వీపు మీద చూపు పెట్టి కూర్చునేవాడు.

"స్పానరు అట్ల పట్టుకోకూడదమ్మా."

"సరే నాయనా."

"ఆ నట్టు ముందు కాదు, ఈ నట్టు."

"సరే నాయనా."

"డాక్టరుగారైతే పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కునేవాడు."

"నాయనా! ఆపరేషన్ చేస్తున్నానా నేను?"

ఆరో రోజు నాకు తిక్క రేగింది. నాయన చర్చి పెద్ద. ఆయన మాటిస్తే సూర్యుడు కూడా దానికి అనుగుణంగా సర్దుకోవాలి. ఆ సంగతి తెలిసే, పెద్ద బైబిలు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. "దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. సుధీర్ పెండ్లాం మన గడప ముందర దిగేదాకా, కారు గురించి నోరు తెరవనని."

"ఒట్లు పెట్టుకోకూడదమ్మా. మాటిస్తా, చాలదా?"

"మాటివ్వు."

ఇచ్చాడు. ఆ క్షణం నుంచి షెడ్డు ఎంత ప్రశాంతంగా ఉందంటే, నాకు నా తెలివి చప్పుడు చేస్తున్నట్టు వినబడేది.

పని మాత్రం బాగా చేశాను, ఇది రాసి పెట్టుకోండి. కార్బురేటరు విప్పి పళ్ల బ్రష్షుతో తోమాను. ప్లగ్గులు గరుకు కాగితంతో రుద్దాను. ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోకుండా పలకల మీద బలపంతో రాసి, ఒక్కో పలక మీద దాని బోల్టులు పెట్టాను. ముప్పై పలకలు! బ్రేకులు పట్టాయి, క్లచ్చు కదిలింది. మిగిలింది కొత్త బ్యాటరీ.

ఆ కారులో బ్యాటరీ బానెట్ కింద ఉండదు. సీట్ల వెనకాల నేలలో ఒక గుంట, దాని మీద చెక్క మూత. సరిగ్గా దాని పైనే పెళ్లికొడుకు కూర్చునేది. మూత తీసి చూశాను. పాత బ్యాటరీ ప్లస్సు తీగ కారు ఒంటికి, అంటే ఇనుప చట్రానికి, బిగించి ఉంది.

పెద్దగా నవ్వాను. "నాయనా, చూపు ఆనక తిరగేసి బిగించినావా? ఒంటికి బిగించాల్సింది మైనస్సు. మా ఇంటర్ పిల్లోల్లకు కూడా తెలుసు ఇది."

నాయన మంచం మీద నుంచి లేచాడు. నోరు తెరిచాడు. నేను చూపుడు వేలు ఎత్తాను.

"మాటిచ్చినావు."

నాయన నోరు మూసుకున్నాడు. నేను తీగలు తారుమారు చేసి, మైనస్సును ఒంటికి బిగించాను. మీట లాగగానే ఇంజన్ బర్రుమంది! ఎదురుగా ఛార్జింగ్ చూపే మీటరులో ముల్లు కుడివైపుకు వాలింది. పాతికేళ్ల పిల్లలా ఎగిరాను.

"చూడు నాయనా, ఛార్జింగ్! ఖాళీగా నిలబడినప్పుడే ఇంత! నీ చేతుల్లో ఎప్పుడన్నా ఇట్ల వాలిందా ముల్లు?"

వాలలేదన్నట్టు నాయన నిదానంగా తల అడ్డంగా ఊపాడు. దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఆనాటి నన్ను ఇప్పుడు చూస్తే నేనే చెంప పగలగొడతాను.

పెళ్లి పొద్దున షెడ్డుకు వెళ్లేసరికి నాయన అప్పటికే అక్కడున్నాడు. ఇస్త్రీ చొక్కా, కళ్లకు నల్లద్దాలు. ఒక చేతిలో ఏమీ రాయని పలక, ఇంకో చేతిలో బలపం. నన్ను చూసి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత బలపం జేబులో వేసుకుని, పలకను దొంతర మీద పెట్టి, చక్రాల అడ్డు తీసేశాడు. ఈ పలకను గుర్తు పెట్టుకోండి, దీంతో పని ఉంది.

చర్చిలో పెళ్లయింది. పదకొండు గంటల ఎండ. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన కొత్త పెళ్లికూతురు శాంతి, వెనకాల బ్యాటరీ మూత మీద దిండు, దిండు మీద సూటుబూటులో సుధీర్. ముందు బ్యాండు, వెనక జనం, వాళ్లకు వెనకాల స్కూటరు మీద అన్నా నాయనా. ఇల్లు కిలోమీటరున్నర. బ్యాండు వెనక నడక వేగంతో సగం దారి పువ్వులా వచ్చేశాం.

"అత్తా, సూపర్!" అన్నాడు సుధీర్.

మెయిన్ రోడ్డు దగ్గర బ్యాండువాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఎదురుగా ఖాళీ రోడ్డు. అద్దంలో చూస్తే స్కూటరు మీద అన్న ముఖం. అక్కడైనా ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. ఒక్కసారి చూపిద్దామని యాక్సిలరేటరు తొక్కాను.

ముందు చిటచిటమంది. తర్వాత రబ్బరు కాలిన కంపు. ఆ తర్వాత శాంతి మోకాళ్ల దగ్గర నుంచి పొగ, సాంబ్రాణి దుకాణానికి నిప్పంటుకున్నట్టు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది, పొగ మాత్రం ఆగలేదు. తాళం తిప్పేశాను. తాళం చెవి చేతిలోకి వచ్చింది, పొగ ఇంకా చిక్కబడింది.

"ఆంటీ, దిగమంటారా?" అంది శాంతి. ఆ పిల్ల ఓపికకు ఈనాటికీ దండం పెడతాను.

"దిగమ్మా, దిగు!" స్కూటరు పడేసి పరిగెత్తుకొస్తూ అన్న అరుపు.

"దిగొద్దు శాంతీ! అడుగు కింద పెట్టొద్దు!" అని నేను ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఔను, పట్టుకున్నాను. దిగితే కారు ఒంగోలు పోతుంది. నాయన కారు అద్దాల పెట్టెలో బొమ్మవుతుంది. ఆ నిమిషంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

"నీకు పిచ్చి పట్టిందా? పొగొస్తాంటే పందెం గావాల్సొచ్చిందా నీకు?"

"పొగే గదా, మంట యాడుంది?"

అప్పటికి నాయన వచ్చి చేరాడు. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. నోరు తెరవలేదు. రెండు చేతులూ పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

"నాయనా, ఏం చెయ్యాల? చెప్పు!"

చేతులు ఎత్తాడు, దించాడు.

"అయ్యో మామకు మాట పడిపాయ!" అని వదిన గుండెలు బాదుకుంది. "పక్షవాతం! ఎవరన్నా ఆటో పిలవండయ్యా!"

"నాయనా, మాట వదిలేసినా! నేనే చెప్తాండా, నోరు తెరువు!"

నాయన వేలు పైకి చూపించాడు. మాట ఇచ్చింది నాకు కాదట, పైవాడికి. ఆ పొగలో ఆ మనిషి పట్టుదల చూస్తే నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, నేను ఎవరి పోలికో కూడా అర్థమైంది.

నాయన మళ్లీ సుధీర్ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. మా పాస్టరుగారికి అది ఒక్కటే రకంగా అర్థమైంది. "పెద్దాయన ప్రార్థన చెయ్యమంటున్నారు! అందరూ తలలు వంచండి!" బ్యాండు ఆగింది. నూటయాభై మంది నడిరోడ్డు మీద తలలు వంచారు. సుధీర్ కళ్లు మూసుకుని చేతులు పైకెత్తాడు. పొగ మాత్రం ఎవరికీ తల వంచలేదు.

అప్పుడు వెలిగింది నాకు, నాయన వాణ్ని లేవమంటున్నాడని. "ఒరే సుధీర్, లెయ్! బ్యాటరీ నీ కిందే ఉంది!"

"లేవలేను అత్తా! కోటు ఇరుక్కునింది!"

గుడ్డ కప్పు ఇనుప ఊచల్లో వాడి కోటు అంచు చిక్కుకుంది. వాడు ఇటు లాగితే అటు బిగుసుకుంటోంది. నాయన ఇక ఆగలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, పెళ్లికొడుకు నడుము పట్టుకుని, బస్సు మీద నుంచి బియ్యం మూట దించినట్టు ఒక్క గుంజు గుంజాడు. కోటు వీపు పర్రుమంది. మనవడు రోడ్డు మీద, సగం కోటు కారు మీద. నాయన మూత ఎత్తి, జేబురుమాలు చేతికి చుట్టుకుని, తీగ ఊడబెరికాడు.

పొగ సన్నగిల్లి, ఆగింది. శాంతి రెండుసార్లు తుమ్మింది. ముసుగు బూడిద రంగుకు తిరిగింది, అంతే.

"అయిపాయె" అన్నాడు అన్న. "దిగమ్మా శాంతీ. లారీ పిలుస్తా."

"ఎందుకు దిగాల?" అన్నాను నేను. "అడుగు కింద పెట్టకుండా గడప ముందర దిగాలన్నాం. ఇంజన్‌తోనే రావాలని ఎవరన్నా అన్నారా?"

నేను దిగి వెనక చెయ్యి వేశాను. స్టీరింగ్ దగ్గర, నల్లద్దాలతో, నాయన. మా పేట ఆడవాళ్లు ఒక్కొక్కరే చీర కొంగులు బిగించి వచ్చారు. అందరూ ఆ కారులో కోడళ్లుగా వచ్చినవాళ్లే. చివరికి వదిన కూడా, "మామకు ఆసుపత్రి" అని ఏడుస్తూనే తోసింది. పాస్టరుగారు తోశారు. వీపు లేని కోటుతో పెళ్లికొడుకు తోశాడు. తొయ్యనిది అన్న ఒక్కడే, ఇంటి ముందు ఎత్తు దగ్గర వాడూ తోశాడు.

గడప ముందు కారు ఆగింది. శాంతి తలుపు తీసి కుడికాలు నేల మీద పెట్టింది. ఆ పాదం నేలను తాకిన క్షణం, ఇరవై రెండు రోజుల తర్వాత, నాయన నోరు తెరిచాడు.

"ఇంగ్లండు పాత బండ్లకు ఒంటికి బిగించేది ప్లస్సేనమ్మా."

"దేవునికి స్తోత్రం! మామకు మాటొచ్చింది!" అని వదిన మోకాళ్ల మీద పడింది.

నాయన ఊపిరి పీల్చుకుని కొనసాగించాడు. "తిరగేస్తే ముల్లు కూడా తిరగబడతాది. నువ్వు ఛార్జింగ్ అన్నది బ్యాటరీ దిగిపోవడం. నిలబడినప్పుడు ఏం కాదు. తొక్కినావో, తీగలు మాడతాయి. ఇంగ ఏలియా, లారీ వద్దు. మాడ్చినామే బాగు చేస్తాది."

కారు ఇప్పటికీ ఆ పలకల మధ్యే ఉంది. మాడిన తీగలన్నీ మార్చడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నాయన మంచం నా వెనకాలే. ఒక్క నిమిషం కూడా నోరు మూసుకోలేదు. శాంతి కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, కారు తుడిచేది ఆ పిల్లే.

కాబట్టి ఇందుమూలంగా, ముప్పై పలకల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంటే పెద్దవాళ్లనూ, నా కంటే పాత బండ్లనూ నోరు మూసుకోమని ఈ జన్మలో అడగను. ప్లస్సు ఎక్కడుంటే అక్కడే ఉండనిస్తాను. నేను తొక్కే ముందు ముల్లు ఎటు వాలిందో ఇద్దర్ని అడిగి తొక్కుతాను.

నాయనకు ఇప్పుడు ఎనభై ఐదు. ఇప్పటికీ రోజూ షెడ్డులోనే టీ తాగుతాడు. ఎదురుగా స్టూలు వేసుకుని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఆయన టీ ఊదుకుంటూ పలకల దొంతరల వైపు చూసి నవ్వుతాడు తప్ప జవాబివ్వడు. మీ అందరి ముందూ ఇంకోసారి అడుగుతున్నాను. నాయనా, మాట్లాడనని మాటిచ్చావు, ఒప్పుకున్నాను. రాయనని ఇవ్వలేదు కదా? ఆ పొద్దున చేతిలో పలక ఉంది, బలపం ఉంది. మరి ఎందుకు రాయలేదు?