ఊడని ముడి

నేను చెప్పిన అబద్ధం రెండే మాటలు. ఎనిమిదేళ్లుగా వాటిని మోస్తున్నాను. ఏళ్లు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మొదట్లో ఎప్పుడో ఒకసారి గుర్తొచ్చేది. ఇప్పుడు అక్క ఏ సంచికో మూటకో ముడి వేస్తూ కనబడితే చాలు, నా నోట్లో గొర్రెబొచ్చు తగిలినట్టు అవుతుంది. ఎందుకో చివర్లో చెబుతాను. ముందే చెబితే మిగిలింది రాయలేనేమో.

నేను పత్రికలో పనిచేస్తాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని వరసగా చెప్పడం నా పని. ఆ లెక్కన ఇది నాలుగు వాక్యాల వార్త. ఇన్నేళ్లలో ఆ నాలుగు వాక్యాలూ రాయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన అవసరం లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది రాప్తాడు దాటాక హైవేకు ఆనుకుని ఉన్న ఊరు. నాయన నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగాడు. వరసగా వానలు లేక మేత కరువైనప్పుడు మందను అమ్మేశాడు. అమ్మిన రెండేళ్లకు మతి తప్పడం మొదలైంది. ముందు మా పేర్లు పోయాయి. తర్వాత ఇల్లు పోయింది. మా వసారాలో కూర్చుని, ఇది ఎవరి ఇల్లని అడిగేవాడు. పోనిది మంద ఒక్కటే. ఉన్నట్టుండి లేచి, ఇంటి వెనకాల ఖాళీగా పడి ఉన్న దొడ్డి వైపు నడిచేవాడు. కాళ్లు ఆయన మాట వినేవి కావు. రెండుసార్లు తూలి పడబోయాడు.

అనంతపురంలో డాక్టరు ఇది వెనక్కి తిరగని జబ్బు అన్నాడు. ఈ వయసులో పడితే ఎముక విరుగుతుంది, విరిగితే మళ్లీ లేవడు, కట్టేయొద్దు, ఒంటరిగా వదలొద్దు అన్నాడు. కట్టేయకుండా, వదలకుండా ఏం చేయాలో ఆయన చెప్పలేదు. అది కనిపెట్టింది అక్క.

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. మొగుడు వదిలేస్తే ఇంటికి వచ్చి, ఇంట్లోనే ఉండిపోయింది. నా భార్య టీచరు, పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. నేను ఊళ్లు పట్టుకుని తిరిగేవాణ్ని. నాయన పూర్తిగా అక్క చేతుల్లో ఉన్నాడు. స్నానం, సంగటి ముద్ద, పక్క బట్టలు, అన్నీ.

మంద పోయినా ఒక కంచు గంట మిగిలింది. ముందు నడిచే పొట్టేలు మెడలోది. అక్క దాన్ని గొర్రెబొచ్చు తాడుతో వెనక వసారాలో నాయన పడుకునే నులక మంచానికి, కాళ్ల వైపు, నులక కింద వేలాడేటట్టు కట్టింది. ఆయన కదిలితే చిన్నగా ఒక మోత. లేచి కాళ్లు కింద పెడితే మంచం ఒక పక్కకు ఊగి పెద్దగా, గలగలమని ఇంకో మోత. వంటింట్లో రాగులు విసురుతూ కూడా అక్క ఆ రెండింటినీ వేరు చేసి వినేది. చిన్న మోతకు తల తిప్పేది కాదు. పెద్ద మోతకు పరుగెత్తేది. ఎనిమిది నెలలు నాయన ఒక్కసారి కూడా పడలేదు.

ఇక్కడ మీకు రెండు సంగతులు చెప్పాలి. రెండూ నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవే. గొర్రెల కాపరి గంటల మోతలో నిద్రపోతాడు. మోత ఆగితే లేస్తాడు. ఆగిందంటే మంద దూరం పోయింది, లేదా ఏదో వచ్చి మీద పడింది. రెండోది, కొందరు కాపరులు చేసే దొంగపని. పరాయి చేలో మేపుకోవాలనుకున్నప్పుడు గంటలో ఆకు కుక్కుతారు. చేనుగల్లాయనకు వినపడకుండా. నాయన ఆ పని ఎన్నడూ చేయలేదు. చేసినవాళ్ల పక్కన కూర్చుని అన్నం కూడా తినేవాడు కాదు.

ఈ రెండూ తెలిసిన వాణ్ని నేను.

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. కరెంటు పోయింది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరు నీళ్లే దిక్కు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ట్యాంకరు వచ్చిందని కేక వినపడింది. అక్క బిందెలు తీసుకుని, నేను రాసుకుంటున్న ముందు గది గుమ్మంలో ఆగింది.

"ఏమప్పా విలేకరీ, నీళ్లకు పోతాండా. గంట మోత యింటా ఉండు. మోగితే లెయ్యి, నీ పేపరు యాడికీ పారిపోదు" అంది.

సరే పో అన్నాను. తల కూడా ఎత్తలేదు.

అప్పట్లో మేము రాసిన కాగితాలు కవర్లో పెట్టి బస్సుకు ఇచ్చేవాళ్లం. మూడున్నర బస్సుకు అందకపోతే మరుసటి రోజు పేపర్లో ఉండదు. నేను రాస్తున్నది ఆ ట్యాంకర్ల గురించే. ఏ ఊరికి ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి, ఆడవాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారు. అక్క ఆ వరసలోనే నిలబడి ఉంది. నేను ఆ వరస గురించి రాస్తున్నాను. గంట మోగింది.

వెళ్లి చూశాను. నాయన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. వచ్చి కూర్చున్నాను. మళ్లీ మోగింది. మళ్లీ వెళ్లాను. అలాగే ఉన్నాడు. చిన్న మోతే. ఆగి ఆగి, ఒక లయలో, విడవకుండా. మొదటి వాక్యం మూడుసార్లు రాసి కొట్టేశాను. మూడోసారి కొట్టేసిన కాగితం నలిపి చేతిలోనే పట్టుకుని లేచాను. వంగి మంచం కిందికి చెయ్యి పెట్టాను. ఆ కాగితాన్ని గంటలో కుక్కాను.

నాయన కళ్లు తెరవలేదు. తెరిచాడేమో. నేను ఆయన ముఖం చూశానా? చూసినట్టు గుర్తు లేదు. చూడకూడదనుకునే చూడలేదేమో.

తర్వాత అరగంటలో వార్త పూర్తయింది. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. కాబట్టి మళ్లీ రాస్తున్నాను. హాయిగా ఉంది.

కవరు అంటించి బయల్దేరాను. అక్క ఇంకా రాలేదు. వెనక వసారాలోకి తొంగి చూసి పోవచ్చు, పది అడుగులు. చూడలేదు. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను కదా అనుకున్నాను. గంట గొంతులోంచి కాగితం తీయాలన్న సంగతి గుర్తుందా, మరిచిపోయానా? ఎన్నోసార్లు అడుక్కున్నాను. గుర్తుంది. వచ్చాక తీద్దామనుకున్నాను. బస్సు ఆలస్యమైంది. రోడ్డు మీద టీ కొట్టాయనతో వానల సంగతి మాట్లాడుతూ నిలబడ్డాను. ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు.

తిరిగి వస్తుంటే వీధి మలుపులోనే అక్క గొంతు వినపడింది. అది ఏడుపు కాదు. నాయనా, నాయనా అని ఒకే తీరుగా పిలుస్తోంది, పొలంలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఆయన దొడ్డి దగ్గర పడి ఉన్నాడు. వసారా బండ మీద నుంచి రెండు మెట్లు దిగితే దొడ్డి. దిగలేదు, పడ్డాడు. ఎడమ కాలు ఉండాల్సిన తీరులో లేదు. బండలు కాలిపోతున్నాయి. ఎంతసేపటి నుంచి పడి ఉన్నాడో తెలియదు. అక్క తన కొంగు తడిపి ఆయన తల కింద పెట్టింది. నన్ను చూడగానే, నాయనను పట్టుకోమని చెప్పి, ఈరన్న ఆటో కోసం పరుగెత్తింది. ఈరన్న మా పక్కింటాయన.

నేనూ నాయనా మిగిలాం. ఆయనకు స్పృహ ఉంది. నొప్పితో అరవడం లేదు. దొడ్డి వైపే చూస్తున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన నోట ఒక పూర్తి మాట విన్నాను.

"గంట ఆగిపోయినాది రా. మంద యాడో పరాయి సేన్లో పడినాది."

నేను ఆయన తల మెల్లగా కింద పెట్టి, లేచి, వసారాలోకి వెళ్లాను. గంటలోంచి కాగితం లాగి జేబులో పెట్టుకున్నాను. అంతటితో ఆగి ఉండవచ్చు. ఆగితే, గంట మంచానికి వేలాడుతూ ఉండేది. వేలాడుతున్న గంట మోగి ఉండాలి కదా, బస్సుకు పోయేదాకా ముందు గదిలో కూర్చున్నవాడికి ఎందుకు వినపడలేదని ఎవరైనా అడుగుతారు. ఇంత ఆలోచన నాకు అప్పుడు, అక్కడ, ఆయన ఎండలో పడి ఉండగా వచ్చింది. తాడు ముడి విప్పాను. గంటను మంచం కింద నేల మీద పడేశాను. దానంతట అది జారిపడినట్టు, కొంచెం పక్కకు.

వెనక్కి వచ్చి మళ్లీ ఆయన తల ఒళ్లోకి తీసుకున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు. చూశాడా? చూసినా అది ఆయన దగ్గర నిలవదు. ఆ సమయంలో నాకు ధైర్యమిచ్చింది అదే.

ఆటో వచ్చింది. ఈరన్న, అక్క లోపలికి వచ్చారు. అక్క ఆయాసపడుతూ నా ముందు నిలబడింది.

"గంట మోగలేదా అబ్బీ?"

"మోగలేదు."

"మోగకుండా ఎట్లుంటాది? నీళ్లకు పోయే ముందు నేను లాగి చూసినా."

నేను మంచం కింద చూపించాను.

"ముడి ఊడిపోయినాది" అన్నాను.

అక్క గంటను చూడలేదు. తన చేతుల్ని చూసుకుంది. అటూ ఇటూ తిప్పి, ఎవరివో చేతుల్ని చూసినట్టు చూసుకుంది. ముడి సరిగ్గా వేయలేదని మరుసటి రోజుకు ఊరంతా అక్కను అన్నారు. నేను విన్నాను. కాదని అనలేదు.

నాయన తుంటి విరిగింది. ఆపరేషన్‌కు శరీరం తట్టుకోదన్నారు. ఇంటికి తెచ్చి ఇనుప మంచం మీద పడుకోబెట్టాం. అక్క ఆ గంటను ఈ మంచానికి కూడా కట్టింది, మూడు ముడులు వేసి. ఇక లేవలేని మనిషికి గంట ఎందుకని అడిగాను. ఆమె చూడమంది. నాయన బాగున్న కాలి మడమతో మంచం కమ్మీని మెల్లగా తన్నుతున్నాడు. గంట మోగుతోంది. ఆగితే మళ్లీ తన్నుతున్నాడు. ముఖంలో ఏ కలతా లేదు.

"ఎప్పుడూ ఆయనే వాయించుకుంటాండ్య కదప్పా, నీకు తెల్దా? మోగుతాంటే మంద ఈడే ఉండాదనుకుంటాడు" అంది అక్క.

నాకు తెలియదు. తెలిసి ఉంటే కుక్కేవాణ్ని కాదా? ఆ రోజు ఆ మోత విసుగు పుట్టించింది గానీ ఎందుకు మోగుతోందని నేను అడగలేదు. ఊళ్లో ప్రతివాణ్నీ ఎందుకని అడిగే పని నాది. ఆయన మందను దగ్గర పెట్టుకుని పడుకుని ఉన్నాడు. నేను మందను మాయం చేశాను. కాపరి లేచి వెతకడానికి పోయాడు. లేవకుండా ఎలా ఉంటాడు?

నాలుగు నెలలకు పోయాడు. దినాల రోజు మా చిన్నమ్మ అందరి ముందూ అక్కతో, గట్టిగా ఒక ముడి వేసి ఉంటే మనిషి దక్కేవాడు కదే అంది. అక్క అవునంది. నేను వడ్డన చేస్తున్నాను. చేతిలో పప్పు గిన్నె ఉంది. పక్క విస్తరాకు దగ్గరికి జరిగాను.

అప్పటి నుంచి అక్క దేనికైనా మూడు ముడులు వేస్తుంది. బియ్యం సంచికి, నా అన్నం క్యారియరు గుడ్డకు, నా కూతురి జడ రిబ్బనుకు. వేశాక లాగి చూస్తుంది. ఈరన్న తల్లికి పక్షవాతం వస్తే, పగటిపూట వచ్చి చూసుకోమని వాళ్లు బతిమాలారు. తన చేతుల్ని నమ్మొద్దని పంపించేసింది. నాయనను రెండేళ్లు పసిబిడ్డలా సాకిన చేతులవి.

ఇప్పుడు నేను అనంతపురం ఆఫీసులో డెస్కులో ఉన్నాను. అక్క మాతోనే ఉంది. మొన్నామధ్య కుటుంబం పేజీకి ఒక వ్యాసం రాయమన్నారు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు పడిపోకుండా, పడితే వెంటనే తెలిసేట్టు ఇంట్లోవాళ్లు ఏమేం పెట్టుకోవచ్చో రాయాలి. రాశాను. మంచం పక్కన పరిచే చాప ఉందట, కాలు పెడితే మోగుతుంది. చొక్కాకు తగిలించే తాడు ఉందట, మనిషి లేస్తే ఊడివచ్చి మోగుతుంది. మెడలో వేసుకునే మీట ఉందట, పడ్డవాళ్లు నొక్కితే ఇంట్లో వినపడుతుంది. మతి తప్పినవాళ్లు నొక్కడం మరిచిపోతారని కూడా రాశాను. చివర్లో ఒక వాక్యం రాశాను. ఏది పెట్టినా మోత భరించలేక దాని నోరు మూసేవాడు ఆ ఇంట్లోనే ఉంటాడు, వాడెవడో ముందు చూసుకోండి అని. తర్వాత నేనే కొట్టేశాను. చోటు చాల్లేదని అనుకున్నాను. చోటు ఉంది.

అక్కకు చదువు రాదు. ఇది ఆమె చదవదు. చెబుదామని చాలాసార్లు ఆమె ఎదురుగా కూర్చున్నాను. చెబితే ఆమె బరువు దిగుతుంది, నిజమే. కానీ తమ్ముడు ఇలాంటివాడని తెలియడం ఇంకో బరువు కదా? ఇలా ఆమె మంచి గురించి ఆలోచిస్తున్నట్టు నాకు నేను చెప్పుకుంటాను. అది ఆమె మంచి కాదు. నా భయం. క్షమిస్తుందేమోనని కూడా భయమే.

ఇక మిగిలింది ఒక్కటి. చివర్లో చెబుతానన్నది.

ఆ ముడి నా వేళ్లకు రాలేదు. గోళ్లతో పట్టి పీకాను, కదల్లేదు. నాయన నేర్పిన కాపరి ముడి, అక్క బలమంతా పెట్టి బిగించింది. మోకాళ్ల మీద కూర్చుని, మంచం కిందికి తల పెట్టి, పళ్లతో కొరికి లాగాను. బొచ్చు నోట్లోకి వచ్చింది. ఉమ్మి మళ్లీ కొరికాను. మూడోసారికి వచ్చింది.

ముడి ఊడిపోలేదు. నేను విప్పాను.