ఒంటరిగా వెళ్ళి ఒడి నిండా తెచ్చుకున్నాను

"ఇండియాకు పో, కాదనను. కానీ ఒంటరిగా పల్లెటూళ్ళకు మాత్రం పోకు. మొగుడు లేనిదానివని తెలిస్తే గడప బయటే నిలబెడతారు" అంటూ అమ్మ నా బ్యాగులో ఒక నల్లపూసల గొలుసు పెట్టింది. మాది మలేషియాలో పేరాక్ వైపు కొబ్బరితోటల ఊరు. ముత్తాత కాలంలో విశాఖ దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళం. అమ్మ ఇండియాను ఎన్నడూ చూడలేదు, వాళ్ళ అమ్మ చెప్పగా విన్నదే. నాన్న పోయాక పేరంటాలకు పిలుపులు ఎలా ఆగిపోయాయో మాత్రం స్వయంగా చూసింది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. కానీ నా పంతం నాది. మా దేశంలో "మీరూ తమిళులేగా" అనిపించుకుంటూనే ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని నేను. తమిళనాట తరతరాలుగా తెలుగు మాట్లాడే ఊళ్ళున్నాయని విన్నప్పటినుంచీ వాటిని కళ్ళారా చూడాలని ఆశ. 2006 జూన్‌లో ఉపాధ్యాయుల సదస్సుకని బెంగళూరు వచ్చినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికింది. గొలుసును హోటల్ గదిలోనే వదిలేసి బయలుదేరాను.

బెంగళూరు నుంచి తమిళనాడు అంచునున్న హోసూరుకు తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి, గంటన్నర పట్టదు. ఆరింటి బస్సెక్కితే ఎండ ముదరకముందే దిగుతారు. హోసూరు బస్టాండులో టీ తాగుతూ నిలబడితే నా చెవులను నేనే నమ్మలేకపోయాను. టీ కొట్టాయన డ్రైవరుతో తమిళంలో, బాగలూరు నుంచి పూల మూటలు దించుతున్నవాళ్ళతో కన్నడంలో, లోపలున్న భార్యతో తెలుగులో మాట్లాడుతున్నాడు. మూడింటికీ ఒకటే గొంతు, ఒకటే కసురు. అక్కడినుంచి కృష్ణగిరికి గంటకు పైగా ప్రయాణం. టికెట్టు ఇరవై రూపాయల లోపే. దారంతా కొండలూ మామిడితోటలూ కాబట్టి కిటికీ పక్క సీటు చూసుకోండి.

కృష్ణగిరిలో వేప్పనపల్లి టౌన్ బస్సు ఎక్కాక అసలు కథ మొదలైంది. "ఎవురింటికి పోవల్లమ్మా?" అన్నాడు కండక్టరు. ఎవరింటికీ కాదు, మలేషియా నుంచి ఊరు చూడడానికి వచ్చానన్నాను. ఆయన చేతిలో టికెట్టు అట్లాగే ఆగిపోయింది. "ఒక్కదానివేనా?" అని నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ముందు సీటులో ఉన్నామెను కేకేశాడు. "మునెమ్మక్కా, ఈయమ్మ మలేషియా నుంచి వచ్చిందంట. జతలో ఎవురూ లేరు. రోంత చూసుకో."

ఇప్పుడు నేనుండే కౌలాలంపూర్‌లో పక్కింటావిడకు నా జీతమెంతో ఇప్పటికీ తెలియదు. మునెమ్మకు రెండు స్టాపులు దాటేలోగా తెలిసిపోయింది. యా ఊరు, ఏం పని, బిడ్డలెంతమంది? ఒక కూతురు, కాలేజీలో చదువుతోందని చెప్పాను. "ఇంటాయన రాలేదా?" అంది. "నేనొక్కదాన్నే వచ్చాను" అని కిటికీ వైపు తిరిగాను. నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. ఇదేం ఆరా అనుకున్నాను. ఇంతలో బస్సు కిక్కిరిసింది, ఒకాయన నా భుజం మీదికి వాలబోయాడు. మునెమ్మ లేచి, తాను బయటి వైపు వచ్చి నన్ను గోడలా కాసుకుని కూర్చుంది. అప్పుడర్థమైంది, ఇక్కడ అడగడమంటే బాధ్యత తీసుకోవడమని. అడిగినవాళ్ళు వదిలిపెట్టి పోరు.

ఊళ్ళో హోటలుందా అని అడిగితే మునెమ్మకు కోపమొచ్చింది. "మా ఇల్లుండగా హోటలెందుకక్కా?" అని చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. తోటలో కాయలు కోస్తున్నారు, పెరడంతా మామిడి వాసన. ముఖాన పసుపూ నుదుట బొట్టూ లేని వాళ్ళత్త వసారాలో కూర్చుని ఉంది. అందరూ అవ్వ అనే పిలుస్తున్నారు. రాగిముద్ద, మామిడికాయ పప్పు పెట్టారు. నేను ముద్దను శ్రద్ధగా నములుతుంటే అవ్వ నవ్వాపుకోలేకపోయింది. "నమిలితే పంటికి అంటుకుంటాది అమ్మణ్ణీ. పప్పులో అద్ది మింగల్ల." ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాను. "అరవం వచ్చు, కన్నడం వచ్చు. బిడ్డను ముద్దు చేసేదానికీ తిట్టేదానికీ తెలుగే" అంది. మా ఆదివారం బడి మొత్తం అక్కడ ఉండి వినాల్సిన మాట అది. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది.

మూడు దాటాక బయలుదేరతానన్నాను. మునెమ్మ లోపలికెళ్ళి చేటలో బియ్యం, బెల్లం, కొబ్బరికాయ, తమలపాకులు, రవికగుడ్డ పెట్టుకుని వచ్చింది. "కొంగు పట్టక్కా. ఆడబిడ్డను ఉత్త ఒడితో పంపకూడదు" అంది. మా ఊళ్ళో నేను ఇట్లాంటి పేరంటాలకు దూరమై నాలుగేళ్ళు. నా నుదుటి బొట్టు, రంగు చీర చూసి ఆమె పొరబడింది. మౌనంగా కొంగు పట్టేయవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ అన్నం పెట్టిన ఇంట్లో దొంగలా పట్టలేకపోయాను.

"మునెమ్మా, మా ఆయన పోయారు. మా వైపు బొట్టు తీయం, అందుకే నీకు తెలియలేదు" అన్నాను.

చేట ఆగిపోయింది. మునెమ్మ నా వైపు చూడలేక అవ్వ వైపు చూసింది. అమ్మ మాట నిజమైందనుకున్నాను.

"నింపు మే" అంది అవ్వ.

"అది కాదత్తా, ఊర్లో ఏమన్నా అంటే..."

"ఒడి నింపేది పుట్టింటోళ్ళు. మొగుడుంటే కూతురు, లేకపోతే కాదా?" అవ్వ గోడ పట్టుకుని లేచింది. "నాకు ఎవురూ నింపలేదు. ఆ ఉసురు చాలు ఈ ఇంటికి. ఇట్ల తే."

చేట లాక్కుని తన చేతులతోనే నా కొంగులో పోసింది. మునెమ్మ కళ్ళు తుడుచుకుని వచ్చి నా తలలో పూలు పెట్టింది. తిరుగు బస్సులో కండక్టరు నా ఒడి చూసి, "పుట్టింటికి వచ్చినట్లయిందే అమ్మా" అన్నాడు. టికెట్టు తీసుకుంటూ తలెత్తుకుని కూర్చున్నాను.

ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళకు ఎవరూ పలకరించని చోటే క్షేమమని నేను చాలాకాలం నమ్మాను. ఇప్పుడు అట్లా అనను. మీరు అటు వెళ్తే చీకటి పడేలోగా కృష్ణగిరికి తిరిగి చేరేలా చూసుకోండి. చీర కట్టుకోండి, లేదంటే వెడల్పాటి దుపట్టా అయినా ఉంచుకోండి, కొంగు పట్టాల్సి రావచ్చు. ఇంటికొచ్చాక ఆ బియ్యంతో, ఆ బెల్లంతో పాయసం వండి అమ్మ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆమె గిన్నె ఖాళీ చేసి, కొంగు ఒళ్ళో సర్దుకుని, "ఆ అవ్వను చూడాలి. నాకూ టికెట్టు తీయి" అంది.