అద్దంలో నా సగం

రెండు ముందు పళ్ళు. ఒక కళ్ళజోడు. పదకొండు రోజుల జీతం. పగిలిన షోకేసు అద్దం ఖర్చులో సగం. అద్దానికి తగిలింది నా తల కాబట్టి సగం నేనే కట్టాలట.

గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర బట్టల దుకాణంలో సరుకు లెక్క చూసే పని నాది. చదువు ఐదో తరగతితో ఆగింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నెలాఖరున ఎన్ని చొక్కాలు తగ్గితే వాటి ధర ఆరుగురు పనివాళ్ళం సమానంగా భరించాలని మా దుకాణం నియమం. ఆ నెల పద్నాలుగు తగ్గాయి. ఒక్కో ర్యాకూ మళ్ళీ లెక్కపెట్టాను. పద్నాలుగూ ఒకే ర్యాకులోవి. దాన్ని చూసేవాడు కామాటిపురలో మేమంతా వరుస గదుల్లో కాపురముండే మా చాల్‌వాడే, నాకంటే పదేళ్ళు చిన్న. అందరి ముందూ ఆ సంగతి చెప్పాను.

“ఏం మాస్టర్, నన్ను చోర్ జేస్తున్నవా?”

“చోర్ అనలే తమ్మీ. హిసాబ్ చెప్తున్న.”

“ఇగో, ఇది గూడ రాస్కో నీ హిసాబ్ల,” అని హ్యాంగర్లు దింపే ఇనుప కర్రతో మూతి మీద కొట్టాడు. వెనక్కి పడ్డాను. అక్కడ అద్దం.

మేనేజరు కుర్చీలోంచి లేవలేదు. “ఆపస్ కా మామ్లా హై, బాహర్ జాకే కరో,” అని మా గొడవ మమ్మల్నే బయట చూసుకోమన్నాడు. దుకాణంలో, పని వేళలో, దుకాణం కర్రతో కొడితే అది మా సొంత గొడవ ఎలా అవుతుంది?

పోలీసుల దగ్గరికి బయల్దేరితే చాల్ పెద్దాయన ఆపాడు. “మనోళ్ళ పంచాయితీ మనోళ్ళల్లనే తమ్మీ. వానికి పిల్లలున్నరు.” నాకూ ఉన్నారు. దాన్నెవరూ లెక్కలో వేయలేదు.

తగవుపడ్డవాళ్ళు పెద్దల ముందు ఒకే కప్పు చాయ్ చెరిసగం తాగితే తగవు తీరినట్టు, అది మా చాల్ పద్ధతి. ముందు చాయ్, తరవాత డబ్బు మాట అనుకుని వాచిన మూతితోనే నా సగం తాగాను. మిగతాది అతను తాగాడు. పళ్ళ ఖర్చు సంగతి ఎత్తగానే పెద్దాయన నవ్వాడు.

“చాయ్ తాగితివి గద, ఇంకేం హిసాబ్?”

ఇన్నేళ్ళుగా సరుకు చూడకుండా ఒక్క చలానా మీదా సంతకం పెట్టని నేను ఆ రోజు ఆ అరకప్పు చాయ్‌తో పెట్టేసినట్టయింది.

అతను ఇప్పటికీ అదే ర్యాకు దగ్గర ఉన్నాడు. పళ్ళకు నాలుగు వేల ఐదు వందలు, కళ్ళజోడుకు పన్నెండు వందలు, పనికి పోలేని పదకొండు రోజుల జీతం ఆరు వేల ఆరు వందలు, అద్దానికి పదిహేను వందలు. తగ్గిన చొక్కాల్లో నా వంతని కోసింది వెయ్యిన్నీ యాభై. అరకప్పు చాయ్‌కి ఐదు రూపాయలు తీసేశాను. ఈ రోజుకీ నాకు రావలసింది పద్నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఐదు.