గాజు గుర్తు పడ్డ దిమ్మెలు

మొన్న మోకాళ్ల నొప్పికని మనవరాలు నన్ను శాలిబండ నుంచి షేర్ ఆటోలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లింది. చీటీ కోసం అది లైన్లో నిలబడితే, నేను కింది అంతస్తులో ఒక పిల్లరుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎద్దు వీపు తట్టినట్టు ఆ పిల్లరును రెండుసార్లు తట్టాను. పక్కనున్న ఆమె వింతగా చూసింది. చూస్తే చూడనీ. దాన్ని ఒకసారి పగలగొట్టించి మళ్లీ పోయించిన మనిషిని నేను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, నడుమనడుమ నవ్వుతోంది కూడా.

మా ఆయన పోయిన ఏడే ఆ దవాఖానా కట్టడం మొదలైంది. నాకు నీళ్లు కొట్టే పని దొరికింది. కాంక్రీటు చంటిపిల్ల లాంటిది, గట్టిపడేదాకా దాని దాహం తీరదు. పైపు పట్టుకుని పొద్దంతా తడపాలి. దాంతోపాటు దిమ్మెల పని. పిల్లర్లలో పోసే కాంక్రీటు మాల్‌లోంచే కొంచెం తీసి ఇనుప డబ్బాల్లో నింపుతారు. మర్నాడు డబ్బా విప్పి ఆ దిమ్మెల్ని నీళ్ల తొట్లో పెట్టేది నేనే. ఇరవై ఎనిమిది రోజులయ్యాక వాటిని మిషన్లో నలిపి చూస్తారు. దిమ్మె ఎంత ఓర్చుకుంటే పిల్లరు అంత గట్టిదన్నమాట. కాంట్రాక్టరు సూపర్‌వైజరు వాటి మీద మేకుతో నంబర్లు గీసేవాడు. నాకవి కోడి గీకినట్టే. దిమ్మెలు కలిసిపోతే తిట్లు మాత్రం నాకే. అందుకని, మా ఆయన లాడ్ బజార్లో కొనిచ్చిన లక్క గాజును కొంగు ముడిలోంచి తీసి పచ్చి దిమ్మె మీద ఒత్తేదాన్ని. కింది అంతస్తుకు ఒక గుర్తు, పై అంతస్తుకు రెండు. గాజుకు రెండు రాళ్లు ఊడాయి కాబట్టి చుట్టూ చుక్కలు, రెండు చోట్ల బోసి. మొగుడు పోయినదాని పిచ్చి అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

కింది పిల్లర్లు పోసిన రోజు మాల్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వచ్చింది. మాల్ బిగుసుకుంటుంటే సూపర్‌వైజరు నా చేతిలో పైపే లాక్కుని లారీలోకి నీళ్లు వదిలాడు, చుట్టాలొస్తే పప్పులో నీళ్లు పోసినట్టు. నీళ్లెక్కువైతే మాల్ బలం పోతుందని తెలిసినా నేను నోరు మూసుకున్నాను. ఆ పని పోతే ఇద్దరు పిల్లల్ని ఏం పెట్టి సాకను?

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున, షెడ్డు వెనకాల చాయ్ పెడదామని కూర్చున్నాను. పొయ్యికి పెట్టిన కొత్త రాయి మీద మసిలోంచి నా గాజు కనబడింది. తొట్టి దగ్గరికి పరుగెత్తాను. క్వాలిటీ చూసే, కోస్తా నుంచి వచ్చిన మేడం అప్పటికే దిమ్మెలు బయటికి తీయిస్తోంది. నున్నగా ఉన్నాయి, ఒక్కదాని మీదా గుర్తు లేదు. ఇంక ఆగలేకపోయాను.

“మేడం, ఇవి నేను పెట్టినవి గావు!”

సూపర్‌వైజరు మీదికొచ్చాడు. “అక్షరం ముక్క రాదు, నీకెందుకే దిమ్మెల లొల్లి? పోయి పైపు పట్టుకో!”

“నంబర్లు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా, నీకెలా తెలుసు?” అంది మేడం.

“నంబర్లు మీకు. నాకు గిది,” అని కొంగు విప్పి గాజు చూపించాను. “అసలువి పొయ్యి కాడున్నయ్, సూద్దురు రాండ్రి.”

మేడం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నా వెంట వచ్చింది. పొయ్యి రాయి మీది గుర్తులో గాజు పెట్టి తిప్పింది. బోసి చోటికి బోసి చోటు సరిపోయింది. “మంట తగిలిన దిమ్మె మిషన్‌కి పనికిరాదు. పిల్లర్లకే రంధ్రం వేసి ముక్క తీస్తాను,” అంది. ఆ ముక్కల సంగతి తేలేదాకా సూపర్‌వైజరు నన్ను పనిలోకి రానివ్వలేదు. ఆ వారం మా ఇంట్లో గంజే.

ముక్కలు మిషన్లో బిస్కట్లలా నలిగాయి. అది ముందే తెలిసే సూపర్‌వైజరు వేరే గట్టి దిమ్మెలు పోయించి, నంబర్లు గీసి తొట్లో మార్చేశాడన్నమాట. ఆ రోజు పోసిన పిల్లర్లన్నీ కాంట్రాక్టరే పగలగొట్టి మళ్లీ పోయాల్సి వచ్చింది. మేడం మనిషిని పంపి నన్ను పిలిపించి, అందరి ముందు చెప్పింది: “ఇకమీద ఈ అమ్మ గాజు లేని దిమ్మె నాకు దిమ్మే కాదు.” మర్నాడు సూపర్‌వైజరే పచ్చి దిమ్మె ఉన్న డబ్బా మోసుకొచ్చి నా ముందు దించాడు. “అక్కా, జర గాజు పెట్టు.”

“గట్ల గాదు, చెప్పులిడిచి రా,” అన్నాను. కూలోళ్లంతా పడీపడీ నవ్వారు. వాడు నిజంగానే విడిచాడు.

ఇప్పుడా గాజుకు ఒక్క రాయీ మిగల్లేదు, నా మోకాళ్లూ అరిగాయి. మంచి కాంక్రీటుకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ బలం పెరుగుతూనే ఉంటుందట, ఆ మేడమే చెప్పింది. అందుకే మొన్న నా బరువంతా దాని మీదే వేసి కూర్చున్నాను.